తుర్కీ ఖడ్గము - తెలుగు ఉక్కు

ఇస్తాంబులు నగరమున తోప్‌కాపి యను ప్రాచీన రాజభవనము కలదు. ఉస్మానీ సుల్తానులకు తరతరములుగా నివాసమైన ఆ భవనము 1924లో ప్రదర్శనశాలగా మారెను. అందలి ఆయుధములలో రెండడుగులకు కొంచెము మించిన పొడవు గల యొక ఖడ్గము చూపరుల నాకర్షించుచుండును. హిజ్రీ శకము 933లో, అనగా క్రీ.శ. 1526-27లో, సులేమాను సుల్తాను కొరకు అహ్మద్ తెకెలూ అను శిల్పి దానిని నిర్మించెను. పిడి దంతముతో చేసినది. దానిపై మేఘములను పోలిన మెలికలును, లతలును చెక్కబడినవి. అలుగుపై ఆకుల నడుమ ఒక ఘటసర్పమును, ఒక మహాపక్షియు పోరాడుచున్నట్లు బంగారముతో పోతపోసినట్లుగా ఉబ్బెత్తుగా నిలిపినారు. దానికి జంట యనదగిన మరియొక ఖడ్గము న్యూయార్కు నగరమందలి మెట్రోపాలిటన్ ప్రదర్శనశాలలో నున్నది. కెంపులు, ముత్యములు, వైడూర్యవర్ణపు ఫిరోజా రాళ్ళు దాని సొత్తు.

ఆ సంవత్సరములలోనే మన దేశమున శ్రీకృష్ణదేవరాయలు పరిపాలించుచుండెను. తెనాలి పేరును లోకమున శాశ్వతము చేసిన రామకృష్ణకవి ఆ రాయల కొలువువాడని ప్రతీతి. ఒకవంక తుంగభద్రాతీరమున కావ్యములు పుట్టుచుండగా వేరొకవంక బాస్ఫరసు తీరమున ఉక్కుపై బంగారు కావ్యము వెలసినదన్న మాట.

అహ్మద్ తెకెలూ తన పేరును ఖడ్గముపై చెక్కుకొనెను. సుల్తాను పేరును కలదు. ఇట్టి ఖడ్గములను గూర్చి గ్రంథములు వ్రాసినవారందరు బంగారమును, రత్నములను, లిపిని ప్రశంసించిరి. బంగారము క్రింద నున్న ఉక్కును కాచిన చేతులు ఎవరివి అని యడిగినవారు తక్కువ. ఆ ప్రశ్న మనకు పరాయిది కాదు. తూర్పుదేశముల మేలైన కత్తుల చరిత్రను వెనుకకు త్రవ్వుకొనుచు పోయినచో ఆ త్రోవ తెలంగాణమందలి యొక చిన్న పల్లెకును, తెలుగు సముద్రతీరమందలి రేవులకును చేరును. ఆ రేవులలో నొకటి రేపల్లెకు దాపుననే యున్నది.

మొదట ఆ కత్తుల సంగతి కొంత తెలిసికొనవలెను. తుర్కీవారి ఖడ్గములలో ముఖ్యమైనవి రెండు. ఒకటి కిలిచ్, వారి భాషలో ఆ మాటకు కత్తి యనియే యర్థము. గుఱ్ఱముపై నుండి వ్రేయుటకు అనువుగా వెనుకకు వంగి, కొనవద్ద వెడల్పై, వెనుక అంచునకు కూడ వాదర కలిగి యుండును. ఆ వెడల్పైన భాగమును యెల్మాన్ అందురు. కొన బరువెక్కుట వలన వ్రేటుకు బలము హెచ్చును. రెండవది యతగాన్. ఇది మన కొడవలి వలె లోపలికి వంగును. చేతికి అడ్డు ఉండదు; పిడి చివర రెండు చెవుల వంటి భాగములు విచ్చుకొని యుండును. యెనిచెరీ భటులు దీనిని నడుమున దోపుకొని తిరిగెడివారు. సామాన్య భటుని యతగాన్ మీద కూడ వెండితీగెతో అతని పేరు, చేసినవాని పేరు, సంవత్సరము, ఒక ప్రార్థనావాక్యము కనబడుచుండును. సుల్తానుకు మాత్రమే కాక సిపాయికి కూడ తన కత్తి అందముగా నుండవలెనని కోరిక యుండెనన్న మాట. సుల్తాను సింహాసన మెక్కునపుడు కిరీటధారణమునకు బదులు ఖడ్గధారణోత్సవమే జరిగెడిది. ఇస్తాంబులులోని అయ్యూబు మసీదునందు క్రొత్త సుల్తాను నడుమునకు ఖడ్గమును కట్టెడివారు. అట్టి జాతికి కత్తి యుద్ధసాధనము మాత్రమే కాదు.

ఇక అలంకారము. చదువరులు తలచునట్లు బంగారుపని మొదటి యలంకారము కాదు. మొదటి యలంకారము ఉక్కులోనే పుట్టును. మేలైన అలుగును పరిశీలించినచో నల్లని నేలపై తెల్లని సన్నగీతలు నీటి సుడులవలె, చీమల బారులవలె తేలుచుండును. అల వెనుకకు మరలిన పిదప బాపట్ల దాపున సూర్యలంక ఇసుకపై నిలుచు ముడుతలను చూచినవారికి ఆ రూపము సులభముగా తెలియగలదు. పారశీకులు దానిని జౌహర్ అనిరి. ఆ గీతలు ఎవరును చెక్కినవి కావు, పూసినవి కావు. మూసలో కరగిన ఉక్కు మెల్లమెల్లగా చల్లారునపుడు దానిలో ఏర్పడిన పొరలు, ఆ ముద్దను సమ్మెటతో సాగగొట్టునపుడు గీతలై సాగును. కత్తి నునుపు చేసిన పిదప అన్నభేది కలిపిన నీటితో కడిగినచో మెత్తని భాగము నల్లబడి, గట్టి భాగము తెల్లగా మెఱయును. నేర్పరియైన కమ్మరి అలుగుపై అడ్డముగా గాట్లు పెట్టి మరల కొట్టి, నిచ్చెన మెట్లవంటి పట్టెలు తేర్చెడివాడు. తుర్కీవారు దానిని 'నలువది మెట్లు' అను నర్థము వచ్చు పేరుతో పిలిచి అన్నిటికంటె ఎక్కువ వెల నిచ్చిరి.

ఆ గీతలను చెడకుండ నిలుపుటయే అసలైన పని. ఉక్కును ఎఱ్ఱని వేడి దాటనీయరాదు. తెల్లవేడి కెక్కినచో గీతలు మాయమగును. ముద్ద సమ్మెట క్రింద పెళ్ళలుగా విఱిగిపోవును. ఐరోపా కమ్మరులు తమ యినుమును కాచినట్లే దీనిని కాచి, విఱుగగొట్టుకొని, ఈ యుక్కు చెడ్డదని నిందించిన సందర్భములు కలవు. చెడ్డది ఉక్కు కాదు, తొందర.

బంగారుపని దీని తరువాత వచ్చును. దానిలో రెండు మార్గములున్నవి. లోతుగా గాడి చెక్కి, ఆ గాడి అడుగుభాగమును పైభాగముకంటె వెడల్పు చేసి, బంగారుతీగెను అందులో నుంచి సుత్తితో కొట్టుట ఒకటి. మెత్తని బంగారము అడుగున విస్తరించి ఇక పైకి రాజాలదు. ఇది శ్రమతో కూడినది. బంగారమును ఎక్కువ పట్టును. రెండవ మార్గమునకు మన దేశమున కోఫ్త్‌గరీ యని పేరు. ఉక్కుపై సన్నని ములికితో నిలువుగను, అడ్డముగను, ఐమూలగను వెండ్రుకవంటి గీట్లు గీయుదురు. చేతితో తడిమిన ఆకురాయివలె గరుకుగా నుండును. ఆ గరుకుపై సన్నని బంగారు తీగెను పువ్వులుగను, అక్షరములుగను త్రిప్పుచు మెల్లగా కొట్టుదురు. గీట్ల పండ్లు బంగారమును కఱచి పట్టుకొనును. పిదప కొంచెము కాచి, నునుపైన రాతితో రుద్దినచో బంగారము మెఱయును. మిగిలిన గీట్లు అణగిపోవును. బీదరు పనివారి వెండి పొదుగును చూచినవారికి మొదటి మార్గము క్రొత్త గాదు. కాలము గడచి కోఫ్త్‌గరీ బంగారము ఊడిపోయిన పాత కత్తులపై ఆ గీట్ల వల ఇప్పటికిని కనబడుచుండును. అట్టి దానిని చూచినపుడే పనివాని కంటిచూపు ఎంత ఖర్చయినదో తెలియును. నిండైన బంగారమును చూచినపుడు తెలియదు. ఒర సంగతి వేరు. కట్టెతో చేసి, తోలుగాని ముఖమలుగాని కప్పి, పై భాగమున వెండి తొడుగు వేయుదురు. అది కంసాలి పని. దానిలో విశేషము తక్కువ.

ఇట్టి పనికి తగిన ఉక్కు ఎచ్చట నుండి వచ్చెను? అరబ్బులు మేలైన కత్తిని 'ముహన్నద్' అనిరి; హిందూదేశమునకు చెందినదని దాని భావము. వారి ప్రాచీన కవులకు ఆ మాట ప్రియమైనది. స్పెయిను దేశస్థులు ఉక్కునకు 'అల్ఫిందె' అను పేరు నరబ్బుల నుండియే గ్రహించిరి. అందులోను హిందు శబ్దమే దాగియున్నది. ఆంగ్లేయులు ఈ యుక్కును 'ఊట్జ్' అని వ్రాసిరి. 1795లో జార్జి పియర్సను అను శాస్త్రజ్ఞుడు లండనులోని రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసమున ఆ మాట మొదటిసారిగా అచ్చయ్యెను. తెలుగు, కన్నడములలోని 'ఉక్కు' అను మాటయే చెవి మారి, చేయి మారి అట్లయినదని పండితుల యభిప్రాయము. 17వ శతాబ్దిలో గోలకొండకు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే పారశీక దేశమును వర్ణించుచు, నీటిగీతలు తేలు ఉక్కు గోలకొండ రాజ్యము నుండి మాత్రమే వచ్చుననియు, అది చిన్న రొట్టెలంత ముద్దలుగా బజారున నమ్ముడగుననియు, మంచిదో కాదో చూచుటకు వర్తకులు ముద్దను రెండుగా కోయింతురనియు వ్రాసెను.

మనవారికి పూర్వవైభవము చెప్పునపుడు కొలత తప్పుట అలవాటు. పారశీకమునను, మధ్యాసియాలోను మూస ఉక్కును చేసినవారుండిరి. సింహళమున, సేలము సీమలో, మైసూరులో కూడ చేసిరి. కావున తోప్‌కాపిలోని ప్రతి కత్తియు తెలుగు ఉక్కే యనుట తగదు. వందలకొలది సంవత్సరములు పశ్చిమాసియా కమ్మరులు గోలకొండ సరకును ఏరి కొనుచుండిరనుట మాత్రము తిరుగులేని విషయము. అంత చాలును.

ఆ సరకు పుట్టిన యూళ్ళలో పేరుగాంచినది నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము. నిర్మల ప్రాంతపు ఇనుప రాయి దానికి సమీపమున దొరకును. లాంబ్టను దొర నడపిన భూమాపన శాఖలో వైద్యుడుగను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగను పనిచేసి 1824లో మరణించిన హెన్రీ వాయిసీ ఆ యూరి కొలుములను కన్నులార చూచి వర్ణించెను. ఆ వర్ణనము 1832లో కలకత్తాలో ప్రకటింపబడెను. రెండు వేర్వేరు చోట్ల తీసిన రెండు విధముల ఇనుమును లెక్కప్రకారము తూచి, గాజు వంటి చిట్టెముతో కలిపి మట్టిమూసలో నుంచి, మూతి మూసి, తిత్తులతో ఇరువది నాలుగు గంటలు ఎడతెగక ఊదెడివారు. పిదప మూసను వెంటనే తీయక మెల్లగా చల్లారనిచ్చి పగులగొట్టెడివారు. లోపల ఉక్కు ముద్ద దొరకును. దానిని మట్టితో కప్పి మరల గంటలతరబడి కాచి, కాఠిన్యము సమపడువఱకు ఆ పని పునరావృత్తి చేసెడివారు. సేలము, మైసూరు సీమల పద్ధతి వేరు. అచ్చట మెత్తని ఇనుమును తంగేడు కట్టెముక్కలతోను, జిల్లేడు వంటి పచ్చియాకులతోను మూసలో పెట్టి కాల్చిరి. బొగ్గు ఇనుములో చేరి ఉక్కగును. పొలము గట్టున ఎవరును పట్టించుకొనని మొక్కలకు అట్టి యోగ మబ్బినది.

వాయిసీ చెప్పిన మరియొక సంగతి అన్నిటికంటె విలువైనది. ఆయన వెళ్ళునప్పటికి ఇస్ఫహాను నగరమునకు చెందిన హాజీ హుసేను అను పారశీక వర్తకుడు ఆ పల్లెలోనే కాపురముండెను. ఇనుము తూచునపుడు తానే దగ్గర నిలిచి చూచెడివాడు. తయారైన ముద్దను తానే పరీక్షించెడివాడు. పారశీకులు ఈ విధానమును తమ దేశమున అనుకరింప యత్నించి విఫలులైరట. సముద్రము దాటి, ఎడ్లబండి త్రోవలు దాటి ఒక మహానగరపు వర్తకుడు తెలంగాణపు పల్లెలో నెలలతరబడి కూర్చుండెనన్నచో ఆ సరకు ఎట్టిదో వేరే చెప్పనక్కరలేదు. ఇచ్చట ఒక విచిత్రము గమనింపదగినది. వర్తకుని పేరు చరిత్రలో నిలిచెను. చూచి వ్రాసిన దొర పేరు నిలిచెను. ఇస్తాంబులులో బంగారము పొదిగినవాని పేరు బంగారు అక్షరములలోనే నిలిచెను. ఇరువది నాలుగు గంటలు తిత్తి నూదిన కమ్మరి పేరు మాత్రము వీరిలో నెవరును వ్రాసికొనలేదు.

కోనసముద్రము నుండి సముద్రమునకు సరకు వచ్చిన త్రోవ దీర్ఘమైనది. 1618 నుండి 1622 వరకు మచిలీపట్టణమున ఆంగ్ల వర్తకులకు పెద్దగా నున్న విలియం మెథ్‌వోల్డు గోలకొండ రాజ్యమును గూర్చి వ్రాసిన గ్రంథమున, ఇనుమును ఉక్కును ఎద్దులపై ఎనిమిది దినముల ప్రయాణము చేసి రేవునకు చేర్చుచుండిరనియు, అందువలన రేవునందు వెల పెరుగుచుండెననియు చెప్పెను. ఆ ఎద్దుల మందలను తోలినవారి అడుగులే మన తొలి ఎగుమతి మార్గములు. రేవు నుండి నౌకలు పారశీక సింధుశాఖలోని బందరు అబ్బాసుకును, బస్రాకును పోయినవి. అచ్చట నుండి ఒంటెలపై ఇస్ఫహానుకు, దమస్కు నగరమునకు, అటుపై ఉస్మానీ రాజ్యమునకు సరకు చేరెను. దమస్కు 1516లో తుర్కీవారి వశమయ్యెను. ఐరోపావారు నీటిగీతల ఉక్కును తాము కొన్న చోటును బట్టి దమస్కు ఉక్కనిరి. పుట్టినిల్లు మఱుగుపడి మెట్టినిల్లు పేరు వచ్చినదన్న మాట.

మచిలీపట్టణమే ఈ వర్తకమునకు ముఖ్యద్వారము. నిజాంపట్నము దానికి చెల్లెలు. తెనాలిలో రేపల్లె రైలెక్కి, రేపల్లెలో దిగి, దక్షిణముగా పోయినచో చేరు ఈ యూరికి పూర్వనామము పెద్దపల్లి. పరదేశీయులు దానిని 'పెట్టపోలి' అని వ్రాసిరి. 1606లో డచ్చివారు, 1611లో 'గ్లోబు' అను నౌకపై వచ్చిన ఆంగ్లేయులు ఇచ్చట వర్తకస్థానములను నెలకొల్పిరి. చెన్నపట్టణము పుట్టుటకు ఇరువది ఎనిమిది సంవత్సరములు ముందటి మాట యిది. నిజాంపట్నపు కీర్తి ముఖ్యముగా వస్త్రముల వలనను, ఆ చుట్టుప్రక్కల ఇసుకనేలలో పెరిగిన చిరివేరు వలనను కలిగినది. చిరివేరు ఎఱుపునకు సాటి లేదని ఆనాటి వర్తకులందరు ఒప్పుకొనిరి. గోలకొండ తీరమున రంగుబట్టల మూటలతో పాటు ఇనుము, ఉక్కు కూడ డచ్చి నౌకల గర్భమున చేరినవి. బరువైన సరకు అడుగున నున్నచో నౌక తూలదు. పైగా అమ్మకమునకు పనికివచ్చును. వర్తకుడు రెండువిధముల లాభపడెను.

మన తీరమునకు ఓడవర్తకము అప్పుడు క్రొత్తగా వచ్చినది కాదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవున కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనము నేటికిని నిలిచియున్నది. గాలివానకు దరిచేరిన పరదేశపు ఓడల సరకును అంతకుముందు రాజులు హరించెడివారు. గణపతిదేవుడు ఆ యాచారమును మాన్పి, నియమితమైన సుంకము తప్ప మరేమియు గైకొనబోమని మాట యిచ్చెను. సరకులకు రక్షణ లేని తీరమునకు ఏ దేశపు వర్తకుడును రాడు. తరువాతి శతాబ్దులలో పెద్దపల్లి, మచిలీపట్టణములు అనుభవించిన భాగ్యమునకు ఆ శాసనము పునాదిరాయి వంటిది.

తుర్కీవారితో తెలుగువారికి సంబంధము సరకుతోనే ఆగలేదు. గోలకొండ కుతుబ్‌షాహీ వంశమునకు మూలపురుషుడైన సుల్తాన్ కులీ హమదాను ప్రాంతమునుండి వచ్చిన తుర్కుమాను. కారాకొయున్లు, అనగా 'నల్లగొఱ్ఱెలవారు' అను తెగలో పుట్టినవాడు. దక్కను సుల్తానుల ఫిరంగి దళములలో 'రూమీ' బిరుదము గలవారు పెక్కుమంది యుండిరి. రూము అనగా ఆనాడు ఉస్మానీ దేశమే. విజాపురములోని 'మాలిక్-ఎ-మైదాన్' అను మహాఫిరంగిని 1549లో పోతపోసినవాడు మహమ్మదు బిన్ హుసేన్ రూమీ. దాని మూతి ఏనుగును మ్రింగుచున్న సింహపు ముఖమువలె తీర్చబడినది. ఆయుధమును అందముగా చేయవలెనను ఆ తుర్కీ పట్టుదల ఇచ్చటికి కూడ వచ్చినదనుటకు అదే సాక్ష్యము. మనవారు ఉక్కు నంపిరి. వారు పనివారి నంపిరి.

ఈ వర్తకము క్షీణించిన విధము ఒక్కమాటలో తేలునది కాదు. 1759లో సలాబతుజంగు మచిలీపట్టణము, నిజాంపట్నము సర్కారులను ఆంగ్లేయుల కిచ్చెను. రేవుల అధికారము చేతులు మారెను. కాని కొలుములు వెంటనే చల్లారలేదు. వాయిసీ చూచినది ఆ తరువాతనే గదా. అసలు దెబ్బ కొన్నవారి వైపునుండి తగిలినది. తుపాకి ముందు కత్తి నిలువలేదు. 1826లో సుల్తాను రెండవ మహమూదు యెనిచెరీ సైన్యమును రూపుమాపెను. యతగాన్ ధరించు భటులే లేకపోయిరి. 1856లో బెస్సిమరు కనిపెట్టిన పద్ధతి వలన ఇంగ్లాండులో ఉక్కు టన్నులకొలది చౌకగా తయారగుచుండెను. 1878 నాటి ఆయుధముల చట్టము ఆంగ్ల రాజ్యమున కత్తి పట్టుటకే అనుమతి కావలెననెను. అడవులపై ఆంక్షలు పెరిగి బొగ్గు ప్రియమయ్యెను. ఇన్ని వైపులనుండి గాలి వీచిన పిదప కొలిమి ఆరుటలో వింత లేదు. విచారింపవలసినది వేరొకటి: ఆ కిటుకు తండ్రి చేతినుండి కొడుకు చేతికి పోవుచుండినదే కాని తాటాకు మీదికి ఎక్కలేదు. కొలిమి ఆరగానే విద్య ఆరిపోయెను.

అప్పటినుండి పండితులు దానిని వెదకుచున్నారు. విద్యుచ్ఛాస్త్రమున ప్రసిద్ధుడైన మైకేల్ ఫారడే 1819 మొదలు ఈ యుక్కును పరిశోధించి రహస్యమును పట్టలేకపోయెను. ఈ యుక్కులో బొగ్గుపాలు నూటికి సుమారు ఒకటిన్నర వంతు. అది ఇప్పుడు నిశ్చయముగా తెలిసినది. గీతలు తేలుటకు ఇనుపరాతిలో సహజముగా నున్న వెనేడియము వంటి ధాతువులు లేశమాత్రముగా చాలునని 20వ శతాబ్ది చివర అమెరికాలోని లోహశాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకముగా చూపిరి. ఆ రాయి తరగిపోవుట కూడ విద్య నశించుటకు ఒక కారణము కావచ్చునని వారి యూహ. 2006లో జర్మనీలోని డ్రెస్డెను శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు ఒక ఖడ్గపుముక్కలో కంటికి కాదు గదా సామాన్య సూక్ష్మదర్శినికి కూడ అందని బొగ్గు గొట్టములున్నవని ప్రకటించిరి. కమ్మరికి ఆ గొట్టముల సంగతి తెలియదు. నిప్పు రంగు తెలియును, తిత్తి చప్పుడు తెలియును.

2010లో బెంగుళూరులోని జాతీయ ఉన్నత విద్యాధ్యయన సంస్థవారును, ఇంగ్లాండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయమువారును కలిసి ఉత్తర తెలంగాణమున ఊరూర తిరిగి పాత కొలుముల గుర్తులను నమోదు చేసిరి. చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసల పెంకులు పొలములలో పెక్కుచోట్ల వారికి కనబడినవి. ఆ పెంకుల లోపలి వైపున గాజువలె కరగిన పొర అంటుకొని యున్నది. తయారైన కత్తులను చూడగోరువారు హైదరాబాదులో 1951లో తెరచిన సాలారుజంగు ప్రదర్శనశాల ఆయుధాగారమునకు పోవచ్చును. అందు బంగారము పొదిగిన పిడులు మొదట కన్నులకు మిఱుమిట్లు గొలుపును. కొంచెము వంగి, వెలుతురు అడ్డముగా పడునట్లు చూచినచో అలుగుపై నీటిగీతలు లేచును. నిజాంపట్నములో ఇప్పుడు చేపల రేవు నడచుచున్నది. పడవలు వేకువనే పోయి మరలి వచ్చుచున్నవి.